మెనోపాజ్‌కు ముందే సిద్ధపడటం ఎలా?

40 దాటాక ఒక నెల 20 రోజులకే నెలసరి వచ్చి, ఆ తర్వాత 50 రోజులైనా జాడ లేకపోతే మనలో చాలామంది చేసే పని ఒకటే: ఎవరికీ చెప్పకుండా ఊరుకోవడం. నేనూ ఊరుకున్నాను. నిద్ర పట్టకపోతే పని ఒత్తిడి అనుకున్నాను. చిన్న మాటకే కళ్లలో నీళ్లు తిరిగితే ఇంత పిరికిదాన్ని ఎప్పుడయ్యానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. బాగా తెలిసిన మనిషి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతే మతిమరుపు జబ్బు మొదలైందేమోనని రాత్రంతా భయపడ్డాను. వీటన్నిటి వెనకా ఉన్నది ఒకటే కారణమని తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది. మీకు అంతకాలం పట్టకూడదనే ఇది రాస్తున్నాను.

మెనోపాజ్‌ను సానుకూలంగా తీసుకోండి అని అందరూ చెబుతారు. ఆ సలహా చాలామంది చెవికి 'ఓర్చుకోండి' అన్నట్టే వినిపిస్తుంది. ఓర్పు ఆడవాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు, పైగా ఇక్కడ అది పెద్దగా అక్కరకు రాదు. ఒంట్లో ఏం జరుగుతోందో తెలిస్తే సగం భయం పోతుంది. ఏం చేయాలో కూడా తెలిస్తే మిగతా సగం పోతుంది. కింద చెప్పినవన్నీ ఒకేసారి నెత్తిన పెట్టుకోకండి. ఈ వారం ఒక నోటు పుస్తకం, వచ్చే వారం కుర్చీ వ్యాయామం, అలా ఒక్కొక్కటిగా మొదలుపెట్టండి.

1. ముందు ఇదేమిటో తెలుసుకోండి

గర్భం, మందులు, మరో జబ్బు వంటి కారణాలేవీ లేకుండా వరసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చిందంటారు. అంటే అది వచ్చిన రోజు మనకు తెలియదు. ఏడాది గడిచాక వెనక్కి లెక్కపెట్టుకోవాల్సిందే. ఎక్కువమందికి 45–55 ఏళ్ల మధ్య వస్తుంది. 40 కూడా నిండకుండా నెలసరి ఆగిపోతే మాత్రం 'నాకు తొందరగా వచ్చింది' అని సరిపెట్టుకోవద్దు. ఎముకలను, గుండెను కాపాడే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ అన్నేళ్ల ముందే తగ్గిపోతుంది కాబట్టి వెంటనే డాక్టరును కలవాలి. ఆపరేషన్‌లో రెండు అండాశయాలూ తీసేసినవాళ్లకు ఏ వయసులోనైనా ఆ రోజు నుంచే మెనోపాజ్, లక్షణాలు కూడా ఒక్కసారిగా మీద పడతాయి. గర్భాశయం ఒక్కటే తీసి అండాశయాలు ఉంచితే నెలసరి రాదు గానీ మెనోపాజ్ తన సమయానికి తర్వాత వస్తుంది.

నిజానికి ఎక్కువ ఇబ్బంది పెట్టేది అంతకుముందు కాలం. దీన్ని పెరిమెనోపాజ్ అంటారు. కొందరిలో ఇది కొన్ని నెలల్లో ముగుస్తుంది, కొందరిలో ఏళ్ల తరబడి సాగుతుంది. ఈ కాలంలో ఈస్ట్రోజెన్ మెట్లు దిగినట్టు క్రమంగా తగ్గదు. ఒక వారం బాగా పెరుగుతుంది, మరో వారం అడుగంటుతుంది. ఒక నెలంతా హాయిగా ఉండి మరుసటి నెల ఏడుపు ముంచుకు రావడం అందుకే. హార్మోన్ రక్తపరీక్ష ఆ ఒక్క రోజు సంగతే చెబుతుంది. 45 దాటి లక్షణాలు స్పష్టంగా ఉన్నవాళ్లకు సాధారణంగా ఆ పరీక్ష అక్కరలేదు. థైరాయిడ్, రక్తహీనత పరీక్షల గురించి మాత్రం అడగండి. అలసట, గుండెదడ, జుట్టు రాలడం, నెలసరి తప్పడం థైరాయిడ్ సమస్యలోనూ ఉంటాయి. అది వేరే మందుతో తగ్గే సంగతి.

మన భాషలో దీనికి రెండు మాటలున్నాయి. ముట్లుడగడం అన్న మాటలో 'ఉడగడం' ఉంది, సత్తువ ఉడిగింది అన్నప్పటి ఉడగడమే. రుతువిరతిలో 'విరతి' ఉంది, అంటే విరమించడం. నాకు రెండోదే ఇష్టం. ఒక పని ముగించి పక్కకు జరిగిన మనిషి అందులో కనిపిస్తుంది.

2. నోటు పుస్తకం మొదలుపెట్టండి

ఇన్ని అడుగుల్లో ఒక్కటే చేయగలనంటే ఇదే చేయమంటాను. నెలసరి మొదలైన తేదీ, ఎన్ని రోజులు ఉంది, ఎంత ఎక్కువగా ఉంది, నిద్ర ఎలా పట్టింది, ఆవిర్లు (ఉన్నట్టుండి ఒంట్లో వేడి ఎగదన్ని చెమటలు పట్టడం) ఎన్నిసార్లు వచ్చాయి, మనసు ఎలా ఉంది. పడుకునే ముందు నాలుగు ముక్కలు రాస్తే చాలు. నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది:

"రాత్రి 2.40కి మెలకువ. ముందు గుండె దడదడ, తర్వాత ఛాతీ నుంచి మెడ మీదుగా చెవుల దాకా వేడి. బట్టలు తడిసిపోయాయి. 3 నిమిషాలు. ఆ వెంటనే చలి. 4 దాకా నిద్ర లేదు. సాయంత్రం 6కి కాఫీ."

మూడు వారాల పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తే సాయంత్రం కాఫీ తాగిన రోజులకూ ఆ 2.40 మెలకువలకూ చాలాసార్లు జత కుదిరింది. కాఫీని మధ్యాహ్నం 12 దాటకుండా చూసుకున్నాను. ఆవిర్లు పోలేదు, కానీ మళ్లీ నిద్రపట్టడం సులువైంది. మీ పుస్తకంలో కాఫీ కాక ఇంకేదో కనిపించవచ్చు, అసలేమీ కనిపించకపోవచ్చు కూడా. అప్పుడైనా ఆ పేజీలు వృథా పోవు. డాక్టరు దగ్గర కూర్చుని 'ఏదో ఒంట్లో బాగుండటం లేదు' అనడానికీ, 'గత 30 రోజుల్లో 19 రాత్రులు నిద్ర లేదు' అనడానికీ చాలా తేడా ఉంది. రెండో మాటకు వైద్యం దొరుకుతుంది.

3. ఆవిర్లకు ఏర్పాట్లు చేసుకోండి

ఒంటి వేడిని అదుపు చేసే కేంద్రం మెదడులో ఉంది. ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు అది అతి సున్నితంగా మారుతుంది. ఇదివరకు పట్టించుకోని కాస్తంత వేడికి కూడా ఒళ్లు కాలిపోతోందనుకుని రక్తనాళాలను విప్పార్చి చెమట పట్టిస్తుంది. జరిగేది ఇదే. సాధారణంగా ఒకటి నుంచి ఐదు నిమిషాల్లో తగ్గిపోతుంది. అది తెలిశాక నాకు వేడి తగ్గలేదు గానీ, గుండెపోటేమోనన్న బెదురు పోయింది. అయితే ఛాతీ నొప్పి, ఆయాసం, చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే మాత్రం ఆవిర్లు అనుకుని ఆగవద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

పడకగదిని ముందే సర్దుకోండి. ఒక్క మందపాటి దుప్పటి బదులు రెండు పలుచనివి వేసుకుంటే సగం నిద్రలోనే ఒకటి పక్కకు నెట్టేయవచ్చు. తల దగ్గర మంచినీళ్లు, చిన్న తువ్వాలు, మార్చుకోవడానికి ఒక జత నూలు బట్టలు చేతికి అందేలా ఉంచుకోండి. లైటు వేసి అలమర వెతుక్కోవడంతోనే నిద్ర పూర్తిగా ఎగిరిపోతుంది. మెలకువ వస్తే గడియారం చూడకండి. 20 నిమిషాలైనా నిద్ర రాలేదనిపిస్తే లేచి మసక వెలుతురులో కూర్చుని, కళ్లు బరువెక్కాక తిరిగి పడుకోండి. పొద్దున లేచే వేళ మాత్రం రాత్రి ఎలా గడిచినా మార్చకండి. కొన్ని వారాలు పట్టుబట్టి చేస్తే నిద్ర దారిలో పడటానికి ఇదే ఎక్కువ సాయపడుతుంది.

అమెరికాలో 1996లో మొదలై వేలమంది మహిళలను ఏళ్ల తరబడి గమనించిన స్వాన్ అధ్యయనంలో, తరచుగా ఆవిర్లు వచ్చేవాళ్లకు అవి కొనసాగిన కాలం మధ్యస్థంగా 7.4 ఏళ్లని తేలింది. మిమ్మల్ని భయపెట్టడానికి ఈ అంకె చెప్పడం లేదు. 'ఆరు నెలలు ఓర్చుకుంటే పోతుందిలే' అన్న సలహా విని వైద్యం వాయిదా వేయకండి అని చెప్పడానికే.

4. బరువులెత్తడం నేర్చుకోండి

నడక మంచిదే, మానకండి. కానీ నడక ఒక్కటే చాలదు. ఆఖరి నెలసరికి ఏడాది ముందు నుంచి, తర్వాత రెండేళ్ల దాకా ఎముకలు అన్నిటికంటే వేగంగా పలచబడతాయి. కండ కూడా తరుగుతుంది. బరువు పెద్దగా మారకపోయినా నడుము చుట్టూ కొవ్వు చేరుతుంది. ఎముక గట్టిపడాలంటే దాని మీద భారం పడాలి. ఆస్ట్రేలియాలో ఎముకలు పలచబడిన, మెనోపాజ్ దాటిన మహిళలతో నిపుణుల పర్యవేక్షణలో వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున 8 నెలలు బాగా బరువులెత్తించారు. 2018లో వెలువడిన ఆ ఫలితాల్లో వాళ్ల వెన్నెముక సాంద్రత దాదాపు 3 శాతం పెరిగింది. తేలికపాటి వ్యాయామాలు చేసినవాళ్లలో కాస్త తగ్గింది. సగటున 65 ఏళ్ల వయసువాళ్లు వాళ్లంతా. మనకు ఆలస్యమైపోయిందని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

ఇంట్లో కుర్చీతో మొదలుపెట్టవచ్చు. చక్రాలు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి పెట్టండి. ముందు అంచున కూర్చుని పాదాలు తుంటి వెడల్పులో నేలకు ఆనించండి. చేతులు ఛాతీ మీద కట్టుకోండి. నడుము వంచకుండా ఒంటిని కొద్దిగా ముందుకు వాల్చి, మడమలతో నేలను నొక్కుతూ లేవండి. ఇక్కడిదాకా అందరూ చేస్తారు. అసలు పని కూర్చునేటప్పుడే. ధబాలున కూలబడకుండా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ నెమ్మదిగా దిగండి. రెండో లెక్క దగ్గర తొడలు వణుకుతాయి. ఆ వణుకే కండ పనిచేస్తోందనడానికి గుర్తు. 8 సార్లు చేసి రెండు నిమిషాలు ఆగి మళ్లీ 8 సార్లు చేయండి. ఇది తేలికగా అనిపించిన వారం నుంచి చేతుల్లో నీళ్లు నింపిన సీసాలు పట్టుకోండి. దీనికి తోడు గోడకు చేతులానించి ఒంటిని ముందుకు వెనక్కి తీసుకెళ్లే దండీలు, బరువున్న సంచిని వీపు నిటారుగా ఉంచి నేల మీద నుంచి ఎత్తడం చేర్చుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం వారానికి కనీసం రెండు రోజులు ఇలాంటివి, వాటితో పాటు 150–300 నిమిషాలు వేగంగా నడవడం వంటివి ఉండాలి. ఇప్పటికే ఎముకలు గుల్లబారాయని చెప్పి ఉంటే, మోకాళ్ల నొప్పులు, అధిక రక్తపోటు ఉంటే ముందు డాక్టరునో ఫిజియోథెరపిస్టునో అడిగి మొదలుపెట్టండి.

5. తిండిలో చిన్న మార్పులు

దీని గురించి కావలసినదానికంటే ఎక్కువే చెబుతుంటారు కాబట్టి నేను కొద్దిగానే చెబుతాను. 50 దాటిన మహిళలకు అమెరికా ఆరోగ్య సూచనల్లో ఉన్న రోజువారీ కాల్షియం లెక్క 1,200 మిల్లీగ్రాములు. ఒక పెద్ద గ్లాసు పాలలో సుమారు 300 ఉంటుంది. మిగిలింది పెరుగు, ఆకుకూరలు, ముల్లుతో సహా తినే చిన్న చేపలు, కాల్షియం చేర్చిన సోయా పాలు వంటి వాటి నుంచి రావాలి. తిండితో సరిపోకపోతేనే మాత్రలు. విటమిన్ డి తక్కువగా ఉంటే తిన్న కాల్షియం ఒంటికి సరిగా పట్టదు. ప్రతి పూటా పళ్లెంలో పప్పో, గుడ్డో, చేపో, మాంసమో, ఏదో ఒక మాంసకృత్తుల పదార్థం ఉండేలా చూసుకోండి. అది లేకుండా ఎంత వ్యాయామం చేసినా కండ నిలవదు. మద్యం కొందరికి ఆవిర్లను రేపుతుంది, నిద్రను చెడగొడుతుంది. పొగ తాగేవాళ్లకు మెనోపాజ్ ఏడాది రెండేళ్ల ముందే వస్తుంది, ఎముకలకు, గుండెకు ముప్పు పెరుగుతుంది.

6. మొహమాటపడే సంగతులు పైకి చెప్పండి

ఆవిర్లు ఎప్పటికో ఒకప్పటికి తగ్గుతాయి. యోని పొడిబారడం, మంట, కలయికలో నొప్పి, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడం, మూత్రంలో ఇన్ఫెక్షన్లు వాటంతటవి తగ్గవు. పట్టించుకోకపోతే ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతాయి. నన్ను అన్నిటికంటే బాధించే విషయమిది. ఎందుకంటే ఇంత సులువుగా నయం చేయగల ఇబ్బందిని ఇంతమంది ఇంతకాలం దాచుకుంటారు. తేమనిచ్చే జెల్‌లను వారానికి రెండు మూడుసార్లు వాడవచ్చు. కలయిక సమయంలో వాడేవి వేరే ఉంటాయి. అవి చాలకపోతే లోపల పెట్టుకునే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీములు, మాత్రలు ఉన్నాయి. వాటి నుంచి రక్తంలో కలిసేది చాలా స్వల్పం. రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉన్నవాళ్లు మాత్రం ముందు తమ క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడాలి.

దగ్గినా తుమ్మినా మూత్రపు చుక్కలు పడుతుంటే కటి కండరాల వ్యాయామం చేయండి. అపానవాయువును ఆపుకునేటప్పుడు బిగిసే కండరాలే అవి. వాటిని లోపలికి, పైకి లాగి 5 సెకన్లు పట్టి ఉంచి, అంతసేపు వదిలేయండి. పొట్ట, తొడలు, పిరుదులు బిగియకూడదు, ఊపిరి ఆపకూడదు. ఒక్కో విడతకు 10 చొప్పున రోజుకు మూడు విడతలు. ఫలితం కనిపించడానికి మూడు నెలలు పడుతుంది, మధ్యలో వదిలేయకండి.

7. ఇంట్లో, పనిచోట ఒక్కరితోనైనా మాట్లాడండి

పేర్లు మరిచిపోవడం, చేస్తున్న పని మధ్యలో ఆలోచన తెగిపోవడం ఈ కాలంలో చాలామందికి ఉండేవే. చాలావరకు తాత్కాలికమే. మనసు విషయంలో మాత్రం కాస్త జాగ్రత్తగా ఉండాలి. గతంలో కుంగుబాటు వచ్చినవాళ్లకు, ముఖ్యంగా కాన్పు తర్వాత వచ్చినవాళ్లకు, ఇప్పుడు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. రెండు వారాలకు మించి దేని మీదా ఆసక్తి లేకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా హార్మోన్లని తోసిపుచ్చకుండా అదే రోజు సాయం అడగండి.

భర్తతో మాట్లాడేటప్పుడు 'నన్ను అర్థం చేసుకోండి' అంటే ఆయనకు ఏం చేయాలో తెలియదు. 'రాత్రి నేను కిటికీ తీస్తే మీరు ఇంకో దుప్పటి కప్పుకోండి', 'నేను చిరాకు పడిన రోజు పది నిమిషాలు ఒంటరిగా వదిలేయండి' అని చెప్పి చూడండి. ఎదిగిన పిల్లలకూ చెప్పండి. కూతురికి అయితే తప్పకుండా చెప్పండి. మా అమ్మకు ఏ వయసులో ఆగిందో నాకు తెలియదు. అడగాల్సిన రోజుల్లో అడగలేదు. తల్లికి వచ్చిన వయసు కూతురికి కొంతవరకు సూచన అవుతుందని తర్వాత తెలిసింది.

ఇక సానుకూలత సంగతి. పిల్లల్ని కనే వయసు దాటాక కూడా దశాబ్దాల పాటు బతికే ఆడ జీవులు లోకంలో బహు అరుదు. మనుషులతో పాటు ఓర్కా, బెలూగా, నార్వాల్ వంటి కొన్ని పళ్ల తిమింగలాలు ఆ కొద్దిమందిలో ఉన్నాయి. ఓర్కా గుంపు సాల్మన్ చేపల కోసం వెళ్లేటప్పుడు ఎక్కువగా ముందు నడిచేవి కనే వయసు దాటిన ఆడవేనని, చేపలు దొరకని ఏళ్లలో అది మరీ స్పష్టంగా కనిపిస్తుందని 2015లో పరిశోధకులు చూపించారు. ఎక్కడ తిండి దొరుకుతుందో వాటికే గుర్తు. ఆ సంగతి చదివిన రోజు నేను ఆ కాగితాన్ని కత్తిరించి నోటు పుస్తకంలో అంటించుకున్నాను.

8. డాక్టరు దగ్గరకు ప్రశ్నలతో వెళ్లండి

తగ్గిన ఈస్ట్రోజెన్‌ను మందుగా ఇచ్చే హార్మోన్ చికిత్స అనగానే క్యాన్సర్ అన్న భయం చాలామందికి ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మంచిది. అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ హార్మోన్‌లా పనిచేసే మందు) కలిపి ఇస్తున్న భాగాన్ని 2002లో మధ్యలోనే ఆపేశారు. ఏటా 10,000 మందిలో రొమ్ము క్యాన్సర్ కేసులు అదనంగా 8 కనిపించాయి. రాత్రికి రాత్రి లక్షల మంది మందులు మానేశారు. అందులో పాల్గొన్నవాళ్ల సగటు వయసు 63 అన్న సంగతి ఆ హడావిడిలో ఎవరికీ పట్టలేదు. అదే సమాచారాన్ని వయసుల వారీగా మళ్లీ చూశాక ఇప్పుడు నిపుణుల సంఘాలు చెబుతున్నది వేరు: 60 లోపు వయసుండి, లేదా మెనోపాజ్ వచ్చి 10 ఏళ్లు దాటకుండా ఉండి, లక్షణాలు బాధిస్తున్న ఆరోగ్యవంతులైన మహిళల్లో ఎక్కువమందికి ముప్పు కంటే మేలే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే సమస్య, పక్షవాతం, గుండెపోటు, తీవ్రమైన కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవాళ్లకు సాధారణంగా ఇది ఇవ్వరు. వాళ్లకు హార్మోన్ లేని మందులు, ఆలోచనల తీరును మార్చే కౌన్సెలింగ్ ఉన్నాయి. 'సహజమైనవి' అని అమ్మే మూలికా మాత్రలను ఎవరినీ అడగకుండా వాడకండి. కొన్ని కాలేయాన్ని దెబ్బతీసిన సందర్భాలున్నాయి.

అడగాల్సినవి రాసుకుని వెళ్లండి. నా వయసుకు, నా ఆరోగ్యానికి హార్మోన్ చికిత్స సరిపడుతుందా? మాత్రా, చర్మానికి అంటించే ప్యాచా, జెల్లా? గర్భాశయం ఉంది కాబట్టి దాని లోపలి పొరను కాపాడే ప్రొజెస్టిరాన్ కూడా ఇస్తున్నారా? ఎన్నాళ్లకోసారి చూపించుకోవాలి? వీటితో పాటు రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్ కూడా చూడమనండి. మెనోపాజ్ దాటాక చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. నాకు మొదట దొరికిన డాక్టరు ఒక్క నిమిషంలో 'వయసు కదమ్మా, మామూలే' అని పంపేశారు. మీకూ అలా జరిగితే ఇంకొకరి దగ్గరకు వెళ్లండి. మామూలుగా వచ్చేదానికి కూడా వైద్యం అడిగే హక్కు మీకుంది.

గంటకో ప్యాడ్ మార్చాల్సి వచ్చినా, పెద్ద పెద్ద గడ్డలు పడినా, నెలసరుల మధ్యలో గానీ కలయిక తర్వాత గానీ రక్తం కనిపించినా పెరిమెనోపాజ్ అని వదిలేయకుండా చూపించుకోవాలి.

9. తేదీని భద్రంగా ఉంచండి

ప్రతి నెలసరి మొదటి తేదీని నోటు పుస్తకం తొలి పేజీలో రాయండి. 11 నెలలు గడిచి మళ్లీ వచ్చిందంటే పాత తేదీ కొట్టేసి కొత్తది రాసి మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టాలి. నా పుస్తకంలో అలా రెండు తేదీలు కొట్టేసి ఉన్నాయి. రెండోసారి నిజంగా ఏడ్చాను. గర్భనిరోధకాన్ని తొందరపడి ఆపకండి. నెలసరి ఆగిన వయసు 50 లోపైతే ఆఖరి నెలసరి తర్వాత రెండేళ్లు, 50 దాటితే ఒక ఏడాది కొనసాగించమని డాక్టర్లు చెబుతారు.

12 నెలలు పూర్తయ్యాక ఎప్పుడైనా, ఒక్క మరకైనా సరే, రక్తం కనిపిస్తే కొద్ది రోజుల్లోనే గైనకాలజిస్టుకు చూపించుకోవాలి. చాలాసార్లు కారణం చిన్నదే అయి ఉంటుంది, కానీ గర్భాశయం లోపలి పొర క్యాన్సర్ తొలి గుర్తు కూడా ఇదే, తొలి దశలో దొరికితే అది నయమవుతుంది. వెళ్లేటప్పుడు ఆ తొలి పేజీ వెంట తీసుకెళ్లండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంటుంది.